గవ్వలు ఇచ్చిపుచ్చుకోవడం ఎలా? చీటీ రాయడం నుంచి పార్సిల్ విప్పేదాకా

"నా దగ్గర ఒకే రకం గవ్వలు డజను పోగయ్యాయి. వీటిని ఇచ్చి, లేనివి తెచ్చుకోవాలంటే ఏం చేయాలి?" గవ్వలు సేకరించేవాళ్లు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. కొన్నాళ్లకు వాళ్లే మళ్లీ అడుగుతారు: "పంపాను, దారిలో పగిలిపోయింది. ఇప్పుడేం చేయను?" రెండింటికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. గవ్వ అన్న చోటల్లా శంఖాలు, ఆల్చిప్పలు, కోన్‌లు (శంకువు ఆకారపువి), మ్యూరెక్స్‌లు (ముళ్లున్నవి) అన్నీ కలుపుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీరు పంపేది గవ్వ ఒక్కటే కాదు, దాని చీటీ కూడా. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎంత లోతులో, ఎవరు తీశారు అని రాసి ఉన్న చిన్న కాగితం అది. అది లేకపోతే ఎంత అందమైన గవ్వైనా షోకేసులో బొమ్మే. అది ఉంటే, ఫలానా ఏడాది ఫలానా తీరంలో ఈ జాతి ఉండేదని చెప్పే సాక్ష్యం. అందుకే కింద గవ్వ గురించి ఎంత చెప్పానో చీటీ గురించీ అంతే చెప్పాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వెర్నియర్ కాలిపర్స్ (ప్లాస్టిక్‌వైతే గవ్వ మీద గీతలు పడవు)
- 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం
- చిన్న యూవీ టార్చ్. లేకపోయినా పని ఆగదు
- జిప్ కవర్లు, మెత్తటి టిష్యూ పేపర్, బబుల్ ర్యాప్
- మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, గట్టి అట్టపెట్టెలు రెండు సైజుల్లో
- పెన్సిల్ లేదా తడికి చెదరని ఇంకు పెన్ను
- ఒక నోట్‌బుక్. కంప్యూటర్‌లో పట్టిక ఉన్నా సరే, ఇదీ ఉండాలి

1. ఏవి ఇవ్వచ్చో తేల్చుకోండి

ఒకే జాతివి పది ఉన్నంత మాత్రాన తొమ్మిది అదనం అనుకోకండి. వేర్వేరు చోట్ల దొరికినవి, రంగు తేడా ఉన్నవి, పిల్ల దశ నుంచి పెద్ద దశ దాకా వరుసగా ఉన్నవి అన్నీ అట్టిపెట్టుకోవాల్సినవే. ఒకే చోట, ఒకే రోజు, ఒకే దశలో దొరికినవే నిజంగా అదనం. మార్చుకోవడం కోసమని బతికున్న జీవుల్ని తీయకండి. ఒడ్డుకు కొట్టుకొచ్చినవి, చేపల వలల్లో వృథాగా పడేవి చాలు.

తర్వాత చట్టం. దీన్ని మాత్రం దాటేయకండి. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్. ట్రైడాక్నా జాతుల పెద్ద ఆల్చిప్పలన్నీ దాని రెండో అనుబంధంలో ఉన్నాయి. క్వీన్ కాంచ్ శంఖం 1992లో, నాటిలస్ కుటుంబం 2017 జనవరిలో అందులో చేరాయి. క్యూబాలోని రంగురంగుల పోలిమిటా నేలనత్తలైతే ఇంకా కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్నాయి. జీవి ఎప్పుడో చచ్చిపోయింది, ఇది ఒట్టి చిప్పే కదా అంటే కుదరదు. చిప్పకూ పర్మిట్ కావాలి. ప్రయాణికులు సామానులో తీసుకెళ్లేవాటికి కొన్ని మినహాయింపులున్నాయి. అవి పోస్టులో పంపేవాటికి వర్తించవు.

దీనికి తోడు ప్రతి దేశానికీ సొంత జాబితా ఉంటుంది. ట్రైటన్ శంఖం, కొమ్ముల హెల్మెట్ శంఖం లాంటివాటిని కొన్ని దేశాలు తమ చట్టాలతోనే కాపాడుతున్నాయి. మీ దేశం నుంచి బయటికి పంపవచ్చా, అవతలి దేశం లోపలికి రానిస్తుందా, రెండూ చూసుకోండి. అనుమానం తీరకపోతే ఆ గవ్వను పక్కన పెట్టేయండి. మార్చుకోవడానికి ఇంకా వేల జాతులున్నాయి.

2. వాసన చూడండి

నవ్వులాట కాదు. లోపల ఎండిన మాంసం ముక్క మిగిలిందంటే దారిలో చీమలు పడతాయి, పార్సిల్ కంపు కొడుతుంది, కస్టమ్స్‌లో ఆగిపోతుంది. గవ్వను జిప్ కవర్లో మూసి రెండు రోజులు ఉంచండి. తెరవగానే ముక్కు దగ్గర పెట్టుకోండి. ఏ కాస్త వాసన వచ్చినా అది పంపడానికి సిద్ధంగా లేనట్టే. ఇసుక కూడా ఉండకూడదు. నోరు కిందికి పట్టి తెల్ల కాగితం మీద మెల్లగా తట్టండి, రేణువులు రాలితే మళ్లీ కడగండి.

కడగడానికి మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. వెనిగర్ గానీ ఏ యాసిడ్ గానీ వాడొద్దు. గవ్వ కాల్షియం కార్బొనేట్, యాసిడ్ దాన్ని తినేస్తుంది. పోయిన మెరుపు ఇక రాదు. బ్లీచ్ పెడితే పైనున్న గోధుమ రంగు సహజ పొర ఊడిపోతుంది. ఆ పొర ఉంటేనే కావాలనే సేకర్తలు చాలామంది ఉన్నారు కాబట్టి అడగకుండా తీయకండి. మెరుపు కోసం నూనె రాశారా? రాసినట్టు చెప్పండి. నూనె కింద వెలిసిపోయిన రంగు దాక్కుంటుంది, ఆరాక బయటపడుతుంది.

3. పేరు సరిచూసుకోండి

పాత పుస్తకాల్లో ఉన్న పేర్లు చాలా మారిపోయాయి. ఒకప్పుడు సైప్రియా అన్న ఒక్క ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఉన్న గవ్వలు ఇప్పుడు ఎన్నో ప్రజాతుల్లోకి విడిపోయాయి. ఇప్పుడు చెల్లే పేరు కోసం మొలస్కాబేస్ వెబ్‌సైట్‌లో గానీ, వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీషీస్‌లో గానీ వెతకండి. పాత పేరు కొట్టినా కొత్త పేరు చూపిస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు.

పేరు పక్కన బ్రాకెట్లకు కూడా అర్థముంది. మోనెటేరియా మొనేటా (లినేయస్, 1758) అని ఉంటే, లినేయస్ అనే శాస్త్రవేత్త 1758లో ఈ జాతిని వర్ణించినప్పుడు వేరే ప్రజాతిలో పెట్టాడని. హార్పా మేజర్ రోడింగ్, 1798 అన్నచోట బ్రాకెట్లు లేవు, అంటే ప్రజాతి మారలేదు. జాతి తేల్చలేకపోతే ప్రజాతి వరకే రాసి ఆపేయండి. ఊహించి రాసిన పేరు కంటే సగం పేరే నయం.

4. కొలవండి, గ్రేడ్ ఇవ్వండి

కొలత మిల్లీమీటర్లలో, ఎటువైపు ఎక్కువ పొడవుంటే అటు. ముళ్లు, రెక్కలు, కింది గొట్టం అన్నీ లెక్కలోకి వస్తాయి. అంటుకున్న బార్నకిల్స్ (గవ్వల మీద అతుక్కుని పెరిగే చిన్న సముద్ర జీవులు), నాచు రావు. దశాంశం ఒక స్థానం వరకు రాయండి, 71.4 మి.మీ. అని. "సుమారు 7 సెం.మీ." అనొద్దు.

గ్రేడ్ దగ్గరే స్నేహాలు చెడతాయి. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది హవాయియన్ మలకలాజికల్ సొసైటీ పెట్టిన పద్ధతి. తేలికగా చెప్పాలంటే ఇలా:

- జెమ్: పూర్తిగా ఎదిగింది, మామూలు రంగు, కంటికి కనిపించే లోపం ఒక్కటీ లేదు. ముల్లు విరగలేదు, పెదవి (గవ్వ నోటి బయటి అంచు) చెక్కలేదు.
- ఫైన్: చిన్న లోపాలు, లేదా పైపైన ఒక పెరుగుదల గీత. అతికించడం, అరగదీయడం లాంటి మరమ్మతులు ఉండకూడదు.
- గుడ్: చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ విరిగిన ముళ్లు, అరిగిన కొన, గీతలు ఉంటాయి. పూర్తిగా ఎదగకపోయినా జాతి లక్షణాలు కనిపించాలి.
- ఫెయిర్ లేదా పూర్: ఆ జాతి వేరే దొరకనప్పుడు ఉంచుకునేది.

ఎఫ్ ప్లస్, ఎఫ్ డబుల్ ప్లస్ అని (ఎఫ్ అంటే ఫైన్) మధ్య మెట్లు కూడా రాస్తుంటారు.

కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు, తమ గవ్వ అన్న ప్రేమతో ఒక మెట్టు పైకి వేయడం. దీనికి నేను చేసేది చెబుతాను. భూతద్దంతో పెదవి అంచును ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా చూస్తాను. తర్వాత కొన, తర్వాత ముళ్ల మొనలు ఒక్కొక్కటీ. కనిపించినవన్నీ రాసుకున్నాకే గ్రేడ్ వేస్తాను. మర్నాడు ఉదయం వెలుతురులో మళ్లీ చూస్తాను. రెండుసార్లకూ తేడా వస్తే తక్కువ గ్రేడే ఖాయం.

గ్రేడ్ కంటే ఒక వాక్యం మేలు. "పెదవి అంచున 2 మి.మీ. చెక్కు, వీపు మీద మానిన గాయం గీత ఒకటి, రంగు తాజాగా ఉంది." ఇది చదివినవాళ్లకు గవ్వ కళ్లముందు కనబడుతుంది. జీవి బతికుండగా తనే మాన్పుకున్న గాయం మరమ్మతు కాదు, దాన్ని చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. అలాంటివే ఏరుకునేవాళ్లూ ఉన్నారు.

5. చీటీ రాయండి

ఒక గవ్వకు ఒక చీటీ. అందులో ఉండాల్సినవి:

- మీ నోట్‌బుక్‌లోని నంబరు
- శాస్త్రీయ నామం, వర్ణించినవారి పేరు, సంవత్సరం
- దొరికిన చోటు: దేశం, ద్వీపం లేదా జిల్లా, తీరం లేదా దగ్గరి ఊరు
- లోతు, నేల తీరు: ఇసుక, బురద, పగడపు రాళ్లు
- ఎలా దొరికింది: ఒడ్డున, డైవింగ్‌లో, వలలో
- తేదీ, తీసినవారి పేరు
- పొడవు, గ్రేడ్, మూత (జీవి లోపలికి ముడుచుకున్నప్పుడు నోటిని మూసే పలక) ఉందా లేదా

"ఫిలిప్పీన్స్" అని ఒక్క ముక్క రాస్తే చోటు చెప్పినట్టు కాదు. అక్కడ 7,600కు పైగా దీవులున్నాయి. అలాగని తెలియని వివరం కల్పించి నింపకండి. "లోతు తెలియదు" అని రాయండి. "వేరొకరి నుంచి మార్పిడిలో వచ్చింది, చోటు వారు చెప్పినదే" అని రాయడమూ నిజాయితీయే. తప్పుడు చోటు రాసిన చీటీ, చీటీ లేకపోవడం కంటే ప్రమాదం. తర్వాత చేతులు మారినప్పుడల్లా అదే నిజమై కూర్చుంటుంది.

ఇంకు విషయంలో జాగ్రత్త. జెల్ పెన్ను, ఇంక్‌జెట్ ప్రింటు తేమకు అలుక్కుపోతాయి. బిల్లులు కొట్టే థర్మల్ ప్రింటర్ కాగితమైతే కొన్నేళ్లకే తెల్లబడిపోతుంది. పెన్సిల్ రాత మాత్రం నిలుస్తుంది.

6. జాబితా, ఫొటోలు

రెండు జాబితాలు కావాలి: ఇచ్చేవి, కావాల్సినవి. ఇచ్చేవాటిలో నంబరు, పేరు, కొలత, గ్రేడ్, చోటు ఉంటే చాలు. కావాల్సినవాటిలో "ఏదైనా ఫరవాలేదు" అని రాయకండి, అవతలివాళ్లకు ఏం పంపాలో తోచదు. "చోటు తెలిసిన కోన్‌లు, 40 మి.మీ. లోపు" లాంటి మాట రాస్తే వెంటనే జవాబు వస్తుంది.

ఫొటోలు కనీసం మూడు: నోటివైపు, వీపువైపు, లోపం ఉన్న చోటు దగ్గరగా. పక్కన స్కేలు పెట్టండి. నేరుగా ఎండలో తీయకండి, మెరిసే గవ్వ మీద వెలుగు మచ్చ పడి అసలు రంగు పోతుంది. ఫిల్టర్లు వద్దు.

7. సరితూగేలా మాట్లాడుకోండి

ఐదుకు ఐదు అన్న లెక్క పనికిరాదు. జాతి ఎంత అరుదు, గ్రేడ్, సైజు, చీటీలో ఎంత వివరం ఉంది, ఇవన్నీ కలిపి తూచాలి. మీ ఒడ్డున కాలికి తగిలే గవ్వ, ఆ సముద్రమే లేని వాళ్లకు అపురూపం. కాబట్టి మామూలు గవ్వల్ని తక్కువ చేసుకోకండి. మంచి చీటీతో శుభ్రంగా ఉన్న మామూలు గవ్వకు అడిగేవాళ్లు ఉంటారు.

అరుదు అన్నది శాశ్వతమూ కాదు. కోనస్ గ్లోరియామారిస్ అనే కోన్‌ను 1777లో వర్ణించారు. దాదాపు రెండు వందల ఏళ్లపాటు లోకంలో కొద్ది నమూనాలే ఉండేవి. 1969లో పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర డైవర్లకు అది బతికే చోటు దొరికింది, దాంతో అంత అరుదన్న పేరు పోయింది. పాత పుస్తకంలో "అత్యంత అరుదు" అని ఉందని పది మంచి గవ్వలు ఇచ్చేయకండి. ఈమధ్య అది ఎలా చేతులు మారుతోందో ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూడండి.

మొదటి మార్పిడి చిన్నదిగా పెట్టుకోండి, నాలుగైదు గవ్వలకు మించి వద్దు. కొత్తగా వచ్చినవాళ్లు ముందు పంపడం సేకర్తల్లో ఉన్న పద్ధతి. అది ఇబ్బందిగా ఉంటే ఇద్దరూ ఒకే రోజు పంపుకుని ట్రాకింగ్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి. పగిలితే ఎవరిది బాధ్యత, దారిలో పోతే ఏం చేయాలి అన్నవి పంపకముందే రాతలో తేల్చుకోండి. అప్పుడు అడిగితే మామూలు మాట, పగిలాక అడిగితే గొడవ.

8. ప్యాక్ చేయండి

నాకొకసారి మ్యూరెక్స్ ఒకటి వచ్చింది, నిండా దూది చుట్టి. పంపినవారు ఎంతో జాగ్రత్తగానే చుట్టారు పాపం. దూది పోగులు ప్రతి ముల్లుకూ మెలికపడి బిగుసుకున్నాయి. సాయంత్రమంతా పట్టకారుతో పోగు పోగు తీశాను. తీస్తుండగానే రెండు ముళ్లు టప్పున విరిగాయి. దారిలో ఏమీ కాలేదు, విప్పడంలోనే విరిగింది. గవ్వ ముళ్లకు దూది తగలకూడదు.

వరుస ఇది:

మొదట మూత. శంఖం మూత ఆ శంఖంతోనే వెళ్లాలి. నోట్లో కొద్దిగా దూది కూరి, దాని మీద మూతను చిన్న చుక్క జిగురుతో దూదికే అంటించండి, గవ్వకు కాదు.

ముళ్లున్నవైతే టిష్యూను సన్నటి పేలికలుగా చింపి ముళ్ల మధ్య ఖాళీల్లో వదులుగా నింపండి. ఆ పైన టిష్యూ చుట్టండి. చేతిలో పట్టుకుంటే ఏ ముల్లూ పొడుచుకోకూడదు. అప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

మెరిసే గవ్వలకు టిష్యూ రెండు చుట్లు, పైన బబుల్ ర్యాప్. న్యూస్‌పేపర్ వద్దు, ఇంకు అంటుతుంది. టేపు ఎప్పుడూ గవ్వ మీద పడకూడదు.

పెసర గింజంత చిన్నవాటికి మూతున్న ప్లాస్టిక్ సీసాలు.

ఇక చీటీ. గవ్వ, దాని చీటీ ఒకే జిప్ కవర్లో ఉండాలి, మూసి ఉండాలి. ఒకసారి నాకు ఐదు గవ్వలు వచ్చాయి, ఐదు చీటీలూ పెట్టె అడుగున విడిగా పడి ఉన్నాయి. ఐదూ ఒకే ప్రజాతివి, సైజులు కూడా దగ్గర దగ్గర. కొలతలు పెట్టి చూస్తే రెండింటికి జత కుదిరింది. మిగతా మూడు గవ్వలు ఎక్కడివో ఇక చెప్పలేను. అవి పగలలేదు, చెక్కలేదు. అయినా ఆ మూడూ పోయినట్టే.

కవర్లన్నీ చిన్న పెట్టెలో, ఆ పెట్టె పెద్ద పెట్టెలో, మధ్యలో అన్ని వైపులా 4, 5 సెం.మీ. మెత్త. బరువైన గవ్వ, పలచటి గవ్వ ఒకే పెట్టెలో పెట్టాల్సి వస్తే మధ్యలో అట్ట అడ్డం పెట్టండి. గడ్డి, ఊక, ఇసుక నింపకండి, క్వారంటైన్ వాళ్లు ఆపేస్తారు.

సరిగా కుదిరిందో లేదో చూడటానికి పెట్టెను చెవి దగ్గర పట్టుకుని ఊపండి. ఏ చప్పుడు వచ్చినా విప్పి మళ్లీ సర్దండి. మీ ప్యాకింగ్ మీద మీకే నమ్మకం లేకపోతే, పోయినా బాధలేని పలచటి గవ్వనొకదాన్ని అచ్చంగా అలాగే కట్టి నడుం ఎత్తు నుంచి రెండుసార్లు జారవిడవండి.

9. కస్టమ్స్ కాగితం

దేశం దాటి పోస్టులో చిన్న ప్యాకెట్‌గా పంపేటప్పుడు సరుకు విలువ 300 ఎస్‌డీఆర్ లోపైతే సీఎన్ 22 ఫారం, దాటితే సీఎన్ 23. పార్సిల్‌గా పంపితే విలువ ఎంతైనా సీఎన్ 23. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క, మీ కరెన్సీలో ఎంతో ఆ రోజు చూసుకోండి. "శుభ్రం చేసిన ఎండు సముద్రపు గవ్వలు, సేకరణ మార్పిడి కోసం" అని అవతలి దేశంవాళ్లు చదవగలిగే భాషలో రాయండి. "బహుమతి" అని గానీ, విలువ సున్నా అని గానీ రాయకండి. డబ్బు చేతులు మారకపోయినా వస్తువుకు విలువ ఉంటుంది. తప్పు రాస్తే పార్సిల్ పోవచ్చు, బీమా కూడా రాదు. లోపల జాతుల పేర్లున్న జాబితా ఒకటి పైనే కనిపించేలా పెట్టండి. తెరిచి చూసే అధికారికి పని తేలికవుతుంది, మీ కవర్లు కెలకాల్సిన అవసరమూ తగ్గుతుంది.

10. వచ్చిన పార్సిల్ చూసుకోండి

విప్పే ముందు నుంచి వీడియో తీయండి. టేపు కోయకముందు పెట్టె నాలుగు వైపులా చూపించండి. చుట్టిన కాగితాలు ఆ రోజే పారేయకండి, విరిగిన ముల్లు ముక్క వాటిలోనే దొరుకుతుంది.

తర్వాత గవ్వను, చీటీని, ముందు పంపిన ఫొటోను పక్కపక్కన పెట్టుకోండి. చూడాల్సినవి:

పెదవి. పెరుగుదల గీతలు సహజంగా పెదవి అంచుకు సమాంతరంగా సాగుతాయి. అరగదీసిన పెదవి దగ్గర ఆ గీతలు ఏటవాలుగా వచ్చి అంచు మీద కోసేసినట్టు ఆగిపోతాయి. అంచు చదునుగా, మెరుపు లేకుండా తెల్లగా ఉంటుంది. కోన్‌లలో ఈ పని ఎక్కువగా చేస్తారు.

అతుకులు. చీకట్లో యూవీ టార్చ్ వేస్తే జిగురు చాలాసార్లు తెల్లగానో నీలంగానో వెలుగుతుంది. కొన్ని గవ్వల రంగులు కూడా సహజంగానే వెలుగుతాయి కాబట్టి, ముల్లు మొదట్లో సన్నటి గీతలా ఒక్కచోటే వెలిగితేనే అనుమానించండి. తర్వాత భూతద్దంతో చూసి నిర్ధారించుకోండి.

చోటు. ఆ జాతి నిజంగా అక్కడ బతుకుతుందా? మోనెటేరియా మొనేటా ఇండో-పసిఫిక్ గవ్వ. చీటీ మీద కరీబియన్ అని ఉంటే ఎక్కడో పొరపాటు జరిగింది. ఇలాంటిది కనిపిస్తే మోసం అని తీర్మానించుకోకుండా ముందు అడగండి. చీటీలు తారుమారై ఉండొచ్చు.

అందినట్టు రెండు రోజుల్లోపు చెప్పండి. అవతలివాళ్లు టెన్షన్‌తో ఎదురుచూస్తుంటారు. ఏదైనా తేడా ఉంటే అదే సందేశంలో, ఫొటోతో, ఇలా: "నాలుగు గవ్వలు బాగా అందాయి. 3వ నంబరు పెదవి దగ్గర 3 మి.మీ. చెక్కు కనిపిస్తోంది, మీ ఫొటోలో లేదు. దారిలో జరిగిందేమో. ఏం చేద్దామంటారు?" ఎక్కువమంది వెంటనే ఇంకొకటి పంపుతామంటారు. నెల తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

11. నోట్‌బుక్‌లో ఎక్కించి, సరైన చోట పెట్టండి

వచ్చినదానికి మీ నంబరు ఇవ్వండి. ఎవరి నుంచి, ఎప్పుడు, దేనికి బదులుగా అన్నది రాయండి. మీరు పంపినవాటికి ఎదురుగా ఎవరికి వెళ్లిందో రాయండి. పదేళ్ల తర్వాత ఆ చోటు గురించి ఎవరైనా అడిగితే చెప్పగలగాలి.

వచ్చిన అట్టపెట్టెలోనే, లేదా చెక్క సొరుగులో అలాగే వదిలేయకండి. చెక్క నుంచి, మామూలు అట్ట నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గవ్వను తిని తెల్లటి పొడి కట్టిస్తుంది. 1899లో దీని గురించి రాసిన బైన్ పేరుతో దీన్ని బైన్స్ డిసీజ్ అంటారు. ఆయన బ్యాక్టీరియా పని అనుకున్నాడు, నిజానికి ఇది రసాయన చర్య. ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకునే జబ్బు కాదు గానీ, ఒకే సొరుగులో ఉన్నవన్నీ ఒకే గాలి పీలుస్తాయి. మార్పిడిలో వచ్చిన గవ్వ మీద ఇలాంటి పొడి, పుల్లటి వాసన ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బాలో గానీ లోహపు సొరుగులో గానీ పెట్టండి.

చీటీ మీద పేరు పాతదైపోయిందనిపిస్తే కొట్టేసి దిద్దకండి, పారేయకండి. కొత్త పేరుతో ఇంకో చీటీ రాసి, పాతదాని వెనక పెట్టి, రెండూ గవ్వతోపాటే ఉంచండి. మళ్లీ ఎవరికైనా ఇచ్చే రోజున రెండూ పంపండి.